గండి పడిన చోటికి మళ్లీ: ఉప్పెన తర్వాత కెమెరా ఎవరి కోసం తిరిగొస్తుంది?

1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచింది. సముద్రం పదిహేను అడుగులకు పైగా లేచి ఊళ్ల మీద పడింది. సొర్లగొంది, నాలి, హంసలదీవి లాంటి పేర్లు అంతకుముందు జిల్లా దాటి ఎవరికీ తెలియవు. ఆ వారంలో దేశమంతా విన్నది. సర్కారు లెక్క ప్రకారమే పోయినవాళ్లు దాదాపు పదివేల మంది. అసలు సంఖ్య అంతకు చాలా ఎక్కువనే మాట ఆ సీమలో ఇప్పటికీ వినబడుతుంది. హైదరాబాదు దూరదర్శన్ మొదలై అప్పటికి నెల దాటలేదు. అంటే కదిలే బొమ్మ తెలుగువాళ్ల ఇళ్లలోకి వచ్చే కాలమూ, ఆ శతాబ్దంలో తెలుగునేల చూసిన అతి పెద్ద ఉప్పెనా దాదాపు ఒకేసారి వచ్చాయి.

మరి ఆ ఉప్పెన గురించి మన జ్ఞాపకంలో నిలిచిపోయిన బొమ్మ ఏది? ఎవర్ని కదిలించినా ఒకటే చెప్తారు. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు జోలె పట్టి వీధుల్లో నడిచిన బొమ్మ. ఆ పనిని మేం తప్పుపట్టడం లేదు. జనం ఇచ్చారు, అది అవసరంలో ఉన్నవాళ్లకు పనికొచ్చింది. మేం అడిగేది వేరే సంగతి. ఇచ్చినవాళ్ల బొమ్మ మిగిలింది. అడిగి తెచ్చినవాళ్ల బొమ్మ మిగిలింది. పుచ్చుకున్నవాళ్ల బొమ్మ ఎక్కడ? శవాల బొమ్మలు, కూలిన గుడిసెల బొమ్మలు పత్రికల్లో కొన్నాళ్లు వచ్చాయి. ఆ తర్వాత ఏడాదికి, ఐదేళ్లకు, ఇరవయ్యేళ్లకు అదే మాలపల్లె చివర, అదే యానాదుల గుడిసెల దగ్గర నిలబడి తీసిన బొమ్మ మన జ్ఞాపకంలోకి ఎందుకు రాలేదు?

ఈ ప్రశ్న మాకు దివిసీమలో పుట్టలేదు. అమెరికాలోని న్యూఆర్లీన్స్ నగరం మీద నల్లజాతి దర్శకుడు స్పైక్ లీ తీసిన డాక్యుమెంటరీలు చూస్తుంటే పుట్టింది. ఆయన ఒకసారి వెళ్లి ఊరుకోలేదు. వరద వచ్చిన ఏడాదికి ఒక సినిమా, ఐదేళ్లకు ఇంకో సినిమా, ఇరవయ్యేళ్లకు మరోటి తెచ్చాడు. మునిగిన చోటికి మళ్లీ మళ్లీ వెళ్లి, అక్కడివాళ్లు ఎట్లా లేచారో, ఎవరు లేవలేకపోయారో చిత్రించే పని ఒక రకమైన చరిత్ర రచన అని మేం అనుకుంటున్నాం. అది దళితులకు ఎందుకు అక్కరకొస్తుందో, ఎక్కడ అక్కరకు రాదో చెప్పడానికే ఈ వ్యాసం.

తుఫాను కాదు, కట్ట తెగింది

2005 ఆగస్టు 29న కత్రినా తుఫాను తీరం దాటింది. న్యూఆర్లీన్స్ సముద్రమట్టానికి పల్లంగా ఉన్న నగరం. చుట్టూ కరకట్టలు, కాంక్రీటు గోడలు కట్టి దాన్ని కాపాడుతూ వచ్చారు. ఆ కట్టలకు యాభైకి పైగా చోట్ల గండ్లు పడ్డాయి. నగరంలో 80 శాతం నీట మునిగింది. ఆ కట్టలు కట్టింది అమెరికా సైన్యపు ఇంజినీర్ల విభాగం. తమ కట్టడంలో, రూపకల్పనలో లోపాలున్నాయని వాళ్లే 2006 జూన్‌లో ఒప్పుకున్నారు. కాబట్టి దీన్ని ప్రకృతి వైపరీత్యం అని ఊరుకోవడం కుదరదు. గాలి ప్రకృతిది. గండి మనుషులది.

2000 జనాభా లెక్కల్లో ఆ నగరంలో 67 శాతం నల్లవాళ్లు. ఊరు ఖాళీ చెయ్యమని మేయరు తప్పనిసరి ఉత్తర్వు ఇచ్చింది తుఫానుకు ముందురోజు. కారు ఉన్నవాడు వెళ్లిపోయాడు. కారు లేనివాళ్లు, ముసలివాళ్లు, రోగిష్టివాళ్లు, నెలాఖరు కాబట్టి చేతిలో పైస లేనివాళ్లు ఉండిపోయారు. వేలాదిమంది స్టేడియంలో, సమావేశ మందిరంలో తిండీ నీళ్లూ లేకుండా రోజుల తరబడి పడి ఉన్నారు. టీవీలు వాళ్లను లూటీదార్లుగా చూపించాయి. ఆకలేసి కొట్లోంచి రొట్టె తెచ్చుకుంటే తెల్లవాడికి అది వెతుక్కోవడం, నల్లవాడికి దొంగతనం. ఈ వ్యాకరణం మనకు కొత్తదేమీ కాదు.

నగరానికి తూర్పున ఇండస్ట్రియల్ కెనాల్ అనే కాలువకు అవతల లోయర్ నైన్త్ వార్డ్ ఉంది. 95 శాతానికి పైగా నల్లవాళ్లే. బయటివాళ్లు దాన్ని పేదల పేట అంటారు. కానీ అక్కడ దాదాపు 60 శాతం కుటుంబాలు సొంత ఇళ్లలో ఉన్నాయి. ఇది నగర సగటు కంటే ఎక్కువ. తాతలు రెక్కలు ముక్కలు చేసుకుని కట్టిన ఇళ్లు అవి. కాలువ గోడ కూలినప్పుడు నీటి ఊపుకు ఆ ఇళ్లు పునాదుల మీంచి లేచి కొట్టుకుపోయాయి.

మొదటి రాక

స్పైక్ లీ సినిమా 'వెన్ ద లెవీస్ బ్రోక్' 2006 ఆగస్టులో వచ్చింది. నాలుగు అంకాలు, నాలుగు గంటలకు పైగా నిడివి. వ్యాఖ్యాత గొంతు ఉండదు. మునిగినవాళ్లే మాట్లాడతారు. సినిమాకు సంగీతం కూర్చిన టెరెన్స్ బ్లాంచర్డ్ సొంత ఊరు అదే. ఆయన తల్లి మునిగిన తన ఇంట్లోకి మొదటిసారి అడుగుపెట్టే ఘట్టం సినిమాలో ఉంది. సంగీతం చేసేవాడి తల్లి ఇల్లే పోయింది కాబట్టి ఆ సినిమా బయటి మనిషి చూపుగా మిగల్లేదు.

ఆ సినిమాలో ఇంకో సంగతి ఉంది. కట్టను డైనమైటు పెట్టి పేల్చారని లోయర్ నైన్త్ వార్డ్ జనంలో చాలామంది నమ్ముతారు. చదువుకున్నవాళ్లు దాన్ని పుకారని కొట్టిపారేస్తారు. స్పైక్ లీ కొట్టిపారెయ్యలేదు. అట్లాగని నిజమనీ ముద్ర వెయ్యలేదు. ఆ నమ్మకం ఎక్కణ్ణుంచి వచ్చిందో చూపించాడు. 1927లో మిసిసిపి వరదప్పుడు నగరంలోని ధనవంతుల ఆస్తుల్ని కాపాడడానికి దిగువన కట్టను నిజంగానే డైనమైటుతో పేల్చారు. పేదల ఊళ్లు మునిగాయి. 1965లో బెట్సీ తుఫానుకు లోయర్ నైన్త్ వార్డ్ మళ్లీ మునిగింది. 2005 నాటి జనం 1927ను గుర్తుపెట్టుకుని మాట్లాడుతున్నారు. పుకారు లోపల చరిత్ర ఉంటుంది. వాడల్లో ముసలాళ్లు చెప్పే సంగతుల్ని కాగితం లేదని తీసిపారేసే చరిత్రకారులు ఈ పద్ధతి నేర్చుకోవాలి.

దీని పక్కన పెట్టి చూడాల్సిన సినిమా ఇంకొకటి ఉంది. 'ట్రబుల్ ద వాటర్', 2008. దర్శకులు టియా లెసిన్, కార్ల్ డీల్. కానీ ఆ సినిమాకు ప్రాణం కింబర్లీ రివర్స్ రాబర్ట్స్ తీసిన దృశ్యాలు. లోయర్ నైన్త్ వార్డ్‌లో ఉండే నల్లజాతి యువతి. చేతిలో ఒక చౌక వీడియో కెమెరా. ఊరు విడిచిపోయే దారిలేక ఉండిపోయిన ఆమె తన వీధినీ, ఇరుగుపొరుగునీ, అటక మీదికి ఎక్కిన తనవాళ్లనూ నీళ్లు పెరుగుతుండగానే తీసింది. బయటి కెమెరా వచ్చేసరికి నీళ్లు వచ్చేసి ఉంటాయి. మునిగేవాడి చేతిలో కెమెరా ఉంటే ముందురోజు కూడా రికార్డవుతుంది. ఆ ముందురోజే అసలు సాక్ష్యం. ఎందుకంటే ఎవరికి బండి వచ్చింది, ఎవరికి రాలేదు అనేది తేలేది ఆ రోజే.

రెండో రాక

2010 ఆగస్టులో స్పైక్ లీ రెండో సినిమా వచ్చింది. పేరు 'ఇఫ్ గాడ్ ఈజ్ విల్లింగ్ అండ్ డా క్రీక్ డోంట్ రైజ్'. ఆ ఏడాది ఫిబ్రవరిలో న్యూఆర్లీన్స్ ఫుట్‌బాల్ జట్టు దేశ చాంపియనైంది. సినిమా ఆ సంబరంతో మొదలవుతుంది. ఊరు లేచింది, కోలుకుంది అని లోకమంతా అనుకుంటున్న రోజులు. సంబరాన్ని చూపించాక కెమెరా మిగతా ఊళ్లోకి వెళ్తుంది. మొదటి సినిమాలో మాట్లాడినవాళ్లలో కొందరు మళ్లీ కనబడతారు. అప్పటి కోపంతో మాట్లాడిన ఫిలిస్ మోంటానా లెబ్లాంక్ ఐదేళ్ల తర్వాత మళ్లీ మన ముందు కూచుంటుంది. ఒకే మనిషి రెండుసార్లు మాట్లాడితే ఆ రెండు మాటల మధ్య గడిచిన కాలం కూడా మనకు తెలుస్తుంది. ఒకసారి తీసిన బొమ్మకు ఆ శక్తి లేదు.

ఆ ఐదేళ్లలో ఏం జరిగింది?

నగరంలో నాలుగు పెద్ద ప్రభుత్వ నివాస సముదాయాలుండేవి. దాదాపు 4,500 ఇళ్లు. అద్దెకున్నవాళ్లు దాదాపు అందరూ నల్లవాళ్లే. ఇటుక కట్టడాలు. చాలావాటిని బాగుచేసి వాడుకోవచ్చని వాస్తుశిల్పులు వాదించారు. 2007 డిసెంబర్ 20న నగర కౌన్సిల్ వాటిని కూల్చడానికి ఏకగ్రీవంగా ఓటేసింది. జనం బయట గేటు దగ్గర ఆందోళన చేస్తుంటే పోలీసులు వాళ్ల మీద పెప్పర్ స్ప్రే వాడారు. పేదల ఆస్పత్రిగా పేరున్న చారిటీ హాస్పిటల్ తుఫాను తర్వాత మళ్లీ తెరుచుకోలేదు. ప్రభుత్వ బళ్లలో పనిచేసే 7,000 మందికి పైగా టీచర్లనూ, సిబ్బందినీ తీసేశారు. నల్లజాతి మధ్యతరగతికి వెన్నెముక ఆ ఉద్యోగాలే. ఈ మూడిటిలో ఏ ఒక్కటీ తుఫాను చేసిన పని కాదు. తుఫాను అయిపోయాక, టీవీ బండ్లు వెళ్లిపోయాక, మనుషులు ఊళ్లో లేని సమయం చూసి చేసినవి.

2010 జనాభా లెక్కలు వచ్చేసరికి నగరంలో 2000 నాటి కంటే నల్లవాళ్లు దాదాపు 1,18,000 మంది తగ్గారు. తెల్లవాళ్లలో తగ్గింది దాదాపు 24,000. లోయర్ నైన్త్ వార్డ్‌లో 14,000 మంది ఉన్నచోట 3,000 మంది కూడా మిగల్లేదు.

స్పైక్ లీ సినిమా ముగించే దశలో, 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో చమురు బావి పేలింది. ఆయన మళ్లీ వెళ్లి దాన్నీ సినిమాలో కలిపాడు. అదే ఏడాది జనవరిలో భూకంపం వచ్చిన హైతీ కూడా ఆ సినిమాలో ఉంది. కోలుకోవడం గురించి తీస్తుండగానే ఇంకో విపత్తు వచ్చిపడింది. ఇది యాదృచ్ఛికం అనిపించవచ్చు. పల్లంలో ఉన్నవాడికి రెండు విపత్తుల మధ్య ఉండే ఖాళీనే లోకం కోలుకోవడం అని పిలుస్తోందని మాకు అనిపిస్తుంది.

ఇంటి ధర, మనిషి ధర

ఇల్లు మళ్లీ కట్టుకోవడానికి 'రోడ్ హోమ్' అనే పథకం పెట్టారు. గరిష్ఠంగా లక్షా యాభై వేల డాలర్లు. వినడానికి బాగుంది. లోపల ఒక సూత్రం ఉంది. తుఫానుకు ముందు ఇంటికి ఉన్న మార్కెట్ విలువ, బాగుచేసుకోవడానికయ్యే ఖర్చు, ఈ రెండిటిలో ఏది తక్కువైతే అది లెక్క. ఒకే కొలతల ఇల్లు తెల్లవాళ్ల పేటలో ఉంటే ఒక ధర, నల్లవాళ్ల పేటలో ఉంటే అందులో సగమో ఇంకా తక్కువో. సిమెంటు, కలప, మేస్త్రీ కూలి మాత్రం ఇద్దరికీ ఒకటే. తెల్లవాడికి ఇల్లు లేచింది. నల్లవాడికి డబ్బు గోడల దగ్గరే ఆగింది. పథకంలో జాతి అనే మాటే లేదు. అయినా జాతి లెక్క పొల్లుపోకుండా జరిగింది. దీని మీద 2008లో కోర్టుకెక్కారు. 2011లో 6 కోట్ల 20 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. అప్పటికి ఆరేళ్లు గడిచాయి.

ఇంకో చిక్కు కాగితాలది. తాత పేరున ఉన్న ఇల్లు, వీలునామా లేకుండా, పేరు మార్పిడి లేకుండా మనవళ్ల దాకా వచ్చింది. అందులోనే పుట్టి పెరిగినవాళ్లకు అది తమదని చూపించే కాగితం లేదు. కాగితం లేదు కాబట్టి సాయం లేదు. పట్టా లేని ఇంటిస్థలంలో, పోరంబోకులో, కాలవగట్టు మీద మూడు తరాలుగా ఉంటున్న మనవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పాలా?

జోనథన్ డెమీ అనే దర్శకుడు ఇదే కథను ఒకే ఒక ఇంటి చుట్టూ తీశాడు. 'అయామ్ కరోలిన్ పార్కర్', 2011. డెమీ తెల్లజాతివాడు, హాలీవుడ్‌లో పేరుమోసినవాడు. 2006 జనవరిలో పత్రికలో నగర పునర్నిర్మాణ పటం ఒకటి అచ్చయింది. పల్లపు పేటల మీద పచ్చటి చుక్కలు పెట్టారు. ఆ చుక్కలున్న చోట ఇళ్లు వద్దు, పార్కులు చేద్దామని ప్రతిపాదన. చుక్కలు చాలావరకు నల్లవాళ్ల పేటల మీదే పడ్డాయి. అప్పటి బహిరంగ సభలో లేచి నిలబడి, నా ఇల్లు తీసుకోవాలంటే నా శవం మీదుగా పోవాలని తెగేసి చెప్పిన నల్లజాతి ముసలామె కరోలిన్ పార్కర్. డెమీ ఐదేళ్లపాటు పదేపదే ఆమె దగ్గరికి వెళ్లాడు. ఆమె తన ఇంటి ముందే సర్కారు ఇచ్చిన ట్రెయిలరు బండిలో కాపురముండి, ఇంటిని గది తర్వాత గది బాగుచేయించుకుంది. ఆ ఐదేళ్ల రాకపోకల్లో ఆమె బాల్యం, వేరుపెట్టిన బళ్లు, చర్చి, పౌరహక్కుల పోరాటం అన్నీ మాటల్లోకి వచ్చాయి. ఇల్లు కోలుకోవడం గురించి అడగబోతే ఒక జాతి చరిత్ర బయటికొచ్చింది.

తిరిగొచ్చే కెమెరా చూడలేనిది

ఇంతవరకు చెప్పింది ఈ పద్ధతి బలం. దాని లోపాలు కూడా చెప్పుకోవాలి. పొగిడి వదిలేస్తే పరిశోధన కాదు.

మొదటిది. తిరిగొచ్చే కెమెరాకు కనబడేది తిరిగొచ్చిన మనిషే. హ్యూస్టన్‌కో, అట్లాంటాకో పోయి, తిరిగిరావడానికి ఇల్లూ ఉద్యోగమూ లేక అక్కడే ఉండిపోయిన వేలమందిని అదే వీధిలో నిలబడి చూడలేం. వాళ్లు లేకపోవడమే అసలు చరిత్ర. స్పైక్ లీ హ్యూస్టన్ దాకా వెళ్లాడు. అందరూ వెళ్లరు. ఖాళీ స్థలంలో మొలిచిన గడ్డిని చూపించి ఊరుకుంటే ఆ గడ్డి కింద ఎవరి వాకిలి ఉందో తెలియదు.

రెండోది. ఎన్నేళ్లకు తిరిగొస్తావనేది చాలా ముఖ్యం. ఐదేళ్లకు వచ్చిన కెమెరాకు లోయర్ నైన్త్ వార్డ్‌లో రంగురంగుల కొత్త ఇళ్లు కనబడ్డాయి. సినిమా నటుడు బ్రాడ్ పిట్ 2007లో పెట్టిన సంస్థ కట్టించినవి. వందకు పైగా ఇళ్లు. 2010 సినిమాలో ఆయన మాటలున్నాయి. చూసినవాళ్లకు ఆశ కలుగుతుంది. 2018కి వచ్చేసరికి ఆ ఇళ్లలో కలప కుళ్లిపోతోందని, కప్పులు కారుతున్నాయని అక్కడుంటున్నవాళ్లు కోర్టుకు వెళ్లారు. ఐదో ఏట తీసినది అబద్ధం కాదు. ఐదో ఏటే ఆగిపోతే మాత్రం అబద్ధమవుతుంది. 2025లో, ఇరవయ్యో ఏట, మూడు భాగాల కొత్త సిరీస్ వచ్చింది. దాని చివరి భాగం స్పైక్ లీ తీశాడు. చచ్చిపోయినవాళ్ల లెక్క కూడా ఇంతే. మొదట 1,833 అన్నారు. 2023లో అమెరికా తుఫాను కేంద్రం దాన్ని 1,392కి సవరించింది. అంత కాగితాలున్న దేశంలో, పద్దెనిమిదేళ్ల తర్వాత లెక్క మారింది. మరి దివిసీమ లెక్కను ఒక్కసారి రాసి అటక మీద పడేశాం.

మూడోది. బయటివాళ్లు వచ్చేది వార్షికోత్సవానికి. ఆగస్టు 29కో, నవంబర్ 19కో. పూలదండలు, కొవ్వొత్తులు, మంత్రిగారి ప్రసంగం. కానీ మునిగినవాడి కేలండరు వేరు. అప్పు వాయిదా ఎప్పుడు, రేషను ఎప్పుడు, అర్జీ మీద ఆఫీసరు సంతకం ఎప్పుడు, కూలి ఎప్పుడు దొరుకుతుంది. కోలుకోవడం జరిగేది ఆ తేదీల్లో.

మన నేల మీద

ఈ దేశంలో విపత్తు కులం చూడదని అందరూ అంటారు. నీళ్లు చూడకపోవచ్చు. 2001 జనవరి 26న కచ్ భూకంపం తర్వాత సాయం పంచడంలో దళితులను, ముస్లింలను వెనక్కి నెట్టిన సంగతి అదే ఏడాది హ్యూమన్ రైట్స్ వాచ్ రాసింది. రాకేశ్ శర్మ తీసిన 'ఆఫ్టర్‌షాక్స్' 2002లో వచ్చింది. కచ్‌లోని రెండు ఊళ్ల కథ. భూకంపానికి ఇళ్లు కూలినవాళ్లను ఆదుకోవాల్సిందిపోయి, ఊరి కింద ఉన్న లిగ్నైటు బొగ్గు కోసం ఊరినే ఖాళీ చేయించే ప్రయత్నం అందులో ఉంది. న్యూఆర్లీన్స్ పచ్చచుక్కలకు ఇది చుట్టం.

2004 డిసెంబర్ 26 సునామీలో తమిళనాట అత్యధికంగా నష్టపోయింది నాగపట్నం జిల్లా. ఆరువేల మందికి పైగా పోయారు. శవాలు ఎత్తడానికి ఇతర పట్టణాల నుంచి తెచ్చిన పారిశుధ్య కార్మికులు దాదాపు అందరూ దళితులు. సాయం పంపిణీకి వచ్చేసరికి నష్టం అంటే పడవ, వల అని లెక్క కట్టారు. పడవ ఉన్నవాడు బాధితుడు. ఆ పడవలొచ్చే రేవులో చేపలు మోసేవాళ్లు, ఉప్పుమళ్లలో, పొలాల్లో కూలికి పోయేవాళ్లు బాధితుల జాబితా అంచున పడ్డారు. సహాయ శిబిరాల్లోనూ వేరుపెట్టారు. కులాన్ని చూడకుండా సాయం చేస్తామనే పద్ధతే కులాన్ని ఎట్లా బలపరిచిందో 2007లో తిమోతీ గిల్ రాసిన నివేదిక వివరిస్తుంది. 'రోడ్ హోమ్' సూత్రంలో జాతి అనే మాట లేదన్నాం. ఇక్కడి సూత్రంలోనూ కులం అనే మాట లేదు.

ఇప్పుడు దివిసీమకు వద్దాం. అది వరి పండే సీమ. నవంబర్ అంటే కోతల ముందు కాలం. ఉప్పునీరు పొలాల మీద నిలిస్తే పంట పోతుంది, నేల చవుడు పడుతుంది. పంట నష్టం అనే గడి సర్కారు ఫారంలో ఉంటుంది. అది నిండేది పట్టాదారు పేరుతో. ఆ పొలంలో కోతకు పోవాల్సిన మాల, మాదిగ ఆడవాళ్లు పోగొట్టుకున్న పనిరోజులకు ఆ ఫారంలో గడి లేదు. పీతలూ రొయ్యలూ పట్టి బతికే యానాదులకు పోయిన మడకాలువలకు గడి లేదు. ఫారంలో గడి లేని నష్టం చరిత్రలోనూ నష్టం కాకుండా పోయింది. దివిసీమ కోలుకుంది అని రాసేవాళ్లు చెరువుల్నీ, రోడ్లనీ, పక్కా భవనాల్నీ చూపిస్తారు. ఎవరు కోలుకున్నారు అని అడిగితే తప్ప ఆ వాక్యానికి కర్త దొరకడు.

అసలు కోలుకోవడం అనే మాటలోనే ఒక మెలిక ఉంది. కోలుకోవడమంటే మునుపటి స్థితికి రావడం. రోగికి అది సరిపోతుంది, ఎందుకంటే అంతకుముందు అతను ఆరోగ్యంగా ఉన్నాడు. ఉప్పెనకు ముందు మన వాడ ఏ స్థితిలో ఉంది? ఊరికి పల్లంలో, కట్ట అవతల, కాగితం లేని స్థలంలో. ఆ స్థితికి తిరిగి రావడాన్ని మనం కోరుకోవాలా? రాజ్యాంగసభలో 1948లో అంబేద్కర్ గ్రామాన్ని తూర్పారబట్టింది ఇందుకే. కారంచేడు దళితులు ఈ ప్రశ్నకు కాళ్లతో జవాబు చెప్పారు. 1985 జులై 17 నాటి హత్యాకాండ తర్వాత వాళ్లు ఊరు విడిచి చీరాల చేరారు. ఊళ్లోకి తిరిగి రమ్మన్నా పోలేదు. అక్కడే నిలబడి పోరాడారు, ఉద్యమం కట్టారు. అది వరద కాదు, కులం చేసిన హత్య. రెండిటినీ ఒకే గాటన కట్టడం మా ఉద్దేశం కాదు. కానీ తిరిగి పోకపోవడం కూడా లేచి నిలబడడమేనని చీరాల శిబిరం చూపించింది. కరోలిన్ పార్కర్ తన ఇంటిని వదలనంది, కారంచేడువాళ్లు ఆ ఊరికి పోమన్నారు. రెండుచోట్లా ఎక్కడుండాలో మేమే తేల్చుకుంటాం అన్న మాట ఒకటే.

చెయ్యాల్సిన పని

దివిసీమ ఉప్పెననాడు పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లకు ఇప్పుడు అరవై దగ్గరపడింది. అప్పటి తల్లుల్లో చాలామంది లేరు. తాటిచెట్టును కరుచుకుని రాత్రంతా గడిపినవాళ్ల నోటి మాట ఇంకో పదేళ్లుంటే గొప్ప. అందుకే దీన్ని తీరిక ఉన్నప్పుడు చేసే పనిగా మేం అనుకోవడం లేదు.

ఈ రోజు ఫోను లేని వాడ లేదు, ప్రతి ఫోనులోనూ కెమెరా ఉంది. కింబర్లీ రాబర్ట్స్‌కు ఉన్న అవకాశం మన పిల్లలందరికీ ఉంది. కావలసింది పద్ధతి. మేం ప్రతిపాదించే పద్ధతి ఇది. ఊరి గుడి దగ్గరో, స్మారకస్తూపం దగ్గరో కాకుండా వాడ మొదట్లో నిలబడి మొదలుపెట్టాలి. ఒకే చోటు, ఒకే కోణం, ప్రతి ఏటా. నవంబర్ 19న ఒక్కరోజే పోకుండా నాట్లప్పుడు, కోతలప్పుడు, పనిలేని నెలల్లో పోవాలి. మనుషుల మాటలతోపాటు కాగితాలను కూడా చిత్రించాలి. పట్టా ఉందా, ఉంటే ఏ ఏడాదిది, ఎవరి పేరున, చూపిన స్థలం నిజంగా చేతికొచ్చిందా. వెళ్లిపోయినవాళ్లను వెతుక్కుంటూ విజయవాడ, హైదరాబాదు బస్తీల దాకా పోవాలి. తీసింది ముందు వాడలోనే చూపించాలి, ఒక కాపీ వాడలోనే ఉండాలి. తప్పు తీస్తే వాళ్లే చెప్తారు. బొమ్మ తీసుకుపోయి మళ్లీ మొహం చూపించనివాడికీ, ధాన్యం కొలుచుకుపోయే ఆసామికీ పెద్ద తేడా లేదు.

ఇదంతా చేస్తే ఏం ఒరుగుతుందని అడిగేవాళ్లుంటారు. 1927 డైనమైటును లోయర్ నైన్త్ వార్డ్ జనం మర్చిపోలేదు కాబట్టే 2005లో గండి ఎట్లా పడిందని గట్టిగా నిలదీయగలిగారు. మర్చిపోయినవాడికి ప్రతి ఉప్పెనా దేవుడి పనే. మన తీరానికి 1977 తర్వాత 1990లో, 1996లో తుఫాన్లు వచ్చి వందల ప్రాణాలు తీశాయి, ఇకమీదటా వస్తాయి. అప్పుడు ముందురోజు బండి ఎవరి వాడకు వచ్చింది, తర్వాతి ఏడు డబ్బు ఎవరి ఖాతాకు వచ్చింది అని అడగడానికి మన దగ్గర పాత బొమ్మ ఉండాలి. జోలె పట్టినవాళ్ల బొమ్మ భద్రంగానే ఉంది. చెయ్యి చాచాల్సి వచ్చినవాళ్ల బొమ్మ, ఆ తర్వాత ఆ చేతులు ఏం కట్టుకున్నాయో చెప్పే బొమ్మ మనమే తియ్యాలి.